నీటి గొట్టం

ఒరూరో బస్టాండు వెనక, పాత టైర్ల గోడ పక్కన
జానెడు లావు నీటి గొట్టానికి అద్దం బిగించి
జెనోబియో శుక్రవారం రాత్రుళ్ళు కూర్చుంటాడు.
ఒక బొలీవియానో ఇస్తే ఒంటికన్ను చూపు.
చేతిలో చిల్లర లేకపోతే
ఏం కనిపించిందో చెప్పి పోవాలి.
అదీ చెల్లుతుంది.

నా పొటోసీ బస్సు ఆలస్యం.
పీఠభూమి చలి చెవుల్ని మెలిపెడుతోంది.
వరసలో అందరూ గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు,
పైనున్నది బెదిరి ఎగిరిపోతుందేమో అన్నట్టు.

మొదట లారీ క్లీనరు కుర్రాడు.
చూశాడు. చప్పున గొట్టం మూతి దగ్గరికి పరుగెత్తి
లోపల చెయ్యి పెట్టబోయాడు.
"బొమ్మ అంటించావు కదూ?"
జెనోబియో తిట్టలేదు. "మళ్ళీ చూడు, ముట్టుకోకు."
ఉంగరం తొడుక్కున్న ఆ గింజ
నెమ్మదిగా అంచుకి జరిగి, అంచు దాటి, లేదు.
"పారిపోయింది!"
"అది కాదు. మనమే."
కుర్రాడు తన కాళ్ళకేసి చూసుకున్నాడు.
మాట్లాడకుండా వెళ్ళి
వరస చివర నిలబడ్డాడు.

కొత్త జంట. ఆ పిల్ల చూసి
పకపకా నవ్వింది, నవ్వు ఆగక అతని భుజం కొరికింది.
అతను చూసి, "ఇంతేనా?" అన్నాడు.
నూట ముప్పై కోట్ల కిలోమీటర్లంటారు దానికి.
ఆ "ఇంతేనా" అంతకన్నా దూరం పోయింది,
ఆ పిల్ల ముఖం మీదుగా.

ముప్పై ఏళ్ళు తగరం తవ్విన ఎవారిస్తో
కన్ను పెట్టి తియ్యలేదు.
దగ్గొచ్చినా తియ్యలేదు.
దగ్గుకి గొట్టం ఊగింది, గ్రహం ఊగింది,
వెనకవాళ్ళు సణగలేదు.
"సొరంగం అవతల ఎవడో దీపం పట్టుకునున్నాడు.
మా షిఫ్టు వాళ్ళే.
నేనింకా రాలేదని ఆగారు."
నాణెం తియ్యబోతే
జెనోబియో ఆ పిడికిలి మూసేశాడు.

మూల మీద ఊదారంగు మొక్కజొన్న గంజి అమ్మే ఆమె
రెండేళ్ళుగా రాలేదట.
మెడ నొప్పి అంటుంది, పాలు పొంగుతాయి అంటుంది.
పేరు సతుర్నినా.
వాళ్ళ భాషలో ఆ గ్రహం సతుర్నో.
బళ్ళో పిల్లలు ఆమె జడకి
తీగ చుట్టలు తగిలించి పరుగెత్తేవాళ్ళట.

మా వైపు ఆ పేరు ఏ బిడ్డకీ పెట్టరు.
ఆయన ముందు నల్ల నువ్వులు పోసి, నూనె పోసి
కాళ్ళు కడుక్కుని
వెనక్కి తిరగకుండా ఇంటికొచ్చేస్తాం.
ఆయన కంట పడకూడదనే తప్ప
మన కంట పడతాడని ఎవరూ అనుకోలేదు.

ఇవాళ ఏమైందో, గరిటె కిందపెట్టి వచ్చింది.
టోపీ తీసి చంకలో పెట్టుకుంది.
అలవాటులేని కన్ను, ముందు తన రెప్పల్నే చూసింది.
తర్వాత చూసింది.
ఊపిరి బిగబట్టింది కాబోలు,
చలిలో అందరి నోళ్ళ నుంచీ వచ్చే పొగ
ఆమె దగ్గర మాత్రం ఆగిపోయింది.

"చప్పుడు చేస్తుందా?"
"తెలీదు. మనదాకా రాదు."
"దానికి నా పేరు ఎవరు పెట్టారు?"

అన్నిటికీ జవాబున్న జెనోబియో
కంటిగాజు తుడవటం మొదలుపెట్టాడు.
తుడిచిందే తుడిచాడు.
ఆమె టోపీ పెట్టుకుని పోయి
పొంగిన పాల కింద మంట తగ్గించింది.

నా వంతు. చూశాను.
ఎవరో గిల్లినట్టు వెనక్కి జరిగాను.
అంత చిన్నగా, అంత నిజంగా,
దారిలో ఎవరూ ముట్టుకోని వెలుతురు
నా కంట్లోకొచ్చి ఆగింది.
చెప్పబోయాను. నాకొచ్చిన నాలుగు స్పానిష్ ముక్కల్లో
ఒక్కటీ పనికిరాలేదు. తెలుగులోనూ అంతే.
నాణెం ఇచ్చేశాను.

బస్సు కదిలింది.
కిటికీ మీది మంచు చేత్తో తుడిచి
వెనక్కి తిరిగి చూశాను.
గంజి ఆవిరి. టైర్ల గోడ.
కుర్రాడి వంతు మళ్ళీ వచ్చినట్టుంది,
ఈసారి చేతులు వెనక్కి కట్టుకున్నాడు.