పదకొండో నిమిషం

ఎయుసెబియో బెరెంగెల్ ముఖం నాకు
నా అరచేతి కన్నా బాగా తెలుసు.
ముప్పై ఒక్క ఏళ్లు దానికి రంగు వేశాను.
ఎడమ కనుబొమ్మ మీద మచ్చ,
చిన్నప్పుడు మేక పొడిచింది.
దాన్నే ఒకసారి కత్తిగాటు చేశాను,
ఒకసారి తూటా గీసిన గీత చేశాను,
పాదిరీ వేషానికి మాత్రం
మైనంతో పూడ్చి పుణ్యం కట్టుకున్నాను.

అప్పట్లో తబెర్నాస్ ఎడారిలో
వెనక గోడల్లేని కొయ్య ఊళ్లు మొలిచేవి.
సారాకొట్టు తలుపు తోసుకుని లోపలికెళితే
అవతల మళ్లీ ఎండే.
అక్కడ ఇతని పని:
మేడ మీంచి తుపాకి ఎత్తడం,
హీరో తల తిప్పకుండానే కాలిస్తే
కటకటాలు విరుచుకుని గడ్డి మీద పడడం.
ఎప్పుడూ పదకొండో నిమిషమే.
"పన్నెండోది ఎలా ఉంటుందో
టికెట్టు కొని చూడాలి రెమే" అనేవాడు.
ఒకరోజు గడ్డి పరచడం మరిచారు.
ముందుపన్ను అక్కడే, ఇసకలో.
మేమంతా వంగి వెతికాం,
దొరికింది గుర్రానిది.

యుద్ధం సినిమాలో పొద్దున జర్మన్ సిపాయి,
భోజనాలయ్యాక ఇంగ్లీషు సిపాయి,
పొద్దుటి తన బాంబుకి సాయంత్రం తనే చచ్చాడు.
దయ్యాల సినిమాలో గోతులు తవ్వాడు.
పార పట్టిన తీరుకి దర్శకుడు మురిసిపోతే
"ఇది నటన కాదండీ, రైలు కట్ట మీద
నాలుగేళ్ల కూలి" అన్నాడు.
అంగారకుడి మనిషిగా ఆకుపచ్చ పూశాను,
ఒళ్లంతా దద్దుర్లు.
చెవుల వెనక పచ్చ వదలనే లేదు,
ఆ చెవులతోనే చెల్లెలి పెళ్లిలో నిలబడ్డాడు.

అన్నిటా నోరు ఇతనిది.
గొంతు మాత్రం మాద్రిద్‌లో
అద్దాల గదిలో కూర్చున్న ఎవరిదో.
వేసవి టాకీసులో, ఆరుబయట,
పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ
వాళ్లమ్మ ఫుయెన్‌సాంత గట్టిగానే అనేది:
"ఎవడే వీడు? నా కొడుకు ఇంత నున్నగా మాట్లాడితే
నాకు భయమేసేది."

తర్వాత టీవీ.
మధ్యాహ్నం సీరియల్లో మందుల షాపు దోన్ అమాదేయో, ఆరేళ్లు.
బజార్లో ఆడవాళ్లు ఆపి తమ దగ్గులు వినిపించేవాళ్లు.
తలూపుతూ విని, తేనె, నిమ్మకాయ అనేవాడు.
ఒకామె బదులుగా గుప్పెడు మిరపకాయలిచ్చింది,
ఇంటికి తెచ్చి నాకు చూపించాడు, బహుమతిలాగ.
కానీ మా వైపు మాట చివర 'స'ను
లెవాంతె గాలి ఎగరేసుకుపోతుంది.
"ఆ అక్షరాలు ఏవయ్యా?" అన్నారు పైవాళ్లు.
మళ్లీ మాద్రిద్, మళ్లీ అద్దాల గది.
"ఆరేళ్లు దగ్గు మందు ఇచ్చాను,
ఒక్క దగ్గూ నాది కాదు."
ఆ రోజు నేనేమీ అనలేదు. జుట్టు దువ్వాను.

చివరి వేషం శవం.
నేరాల సీరియల్, ఇనప బల్ల, తెల్ల దుప్పటి.
పెదాలకి బూడిదరంగు అద్దుతుంటే
"ఈసారి హాయి రెమే, పడే పని లేదు,
ముందే పడి ఉన్నాను" అన్నాడు.
దీపాలు సర్దేలోపు నిద్రపోయాడు.
గురక.
పోలీసు వేషగాళ్లు పొట్టలు పట్టుకున్నారు.
సౌండు కుర్రాడు నికాసియో మాత్రం నవ్వలేదు,
మైకు దగ్గరికి జరిపాడు.

ఎయుసెబియో పోయిన రెండో చలికాలం.
మనవడు బొమ్మల సినిమా చూస్తున్నాడు,
నేను బాదం పప్పు ఒలుస్తున్నాను.
గుహలో ఎలుగుబంటి పడుకుంది.
గురక మెట్లెక్కింది, పై మెట్టు మీద ఆగింది,
దిగేటప్పుడు చివర్లో సన్నగా ఈల.
ఆ ఈల ఎక్కణ్నించి వస్తుందో నాకు తెలుసు.
ఆ సందుకి మైనం పెట్టింది నేనే.

ఎలుగుబంటి లేచి
ఎవరి గొంతుతోనో పాట అందుకుంది.
వాడి చేతిలో రిమోట్ లాక్కున్నాను.
వెనక్కి తిప్పాను. మళ్లీ. మళ్లీ.
వాడు ఏడ్చాడు.
ఏడవనీ.