ఏడు కంతులు

మీ పన్నెండో పుస్తకం
దొరవేలన్న నాకోసమే దాచిపెట్టినాడమ్మా,
కౌంటరు కింద, చిల్లర డబ్బా వెనకాల.
రోజుకు మూడు రూపాయలు అద్దె.
రెండో రోజే తిరిగిచ్చేస్తే
"ఏం మే, బాగలేదా?" అన్నాడు.
జవాబు ఆయనకు చెప్పలేదు. మీకు చెప్తా ఉండా.

నేను చిత్తూరు బెల్లం మండీలో కాటా దగ్గర కూర్చుంటా.
దిమ్మలు తూకం వేసేది, చీటీ రాసేది,
లారీ రానప్పుడు మీ పుస్తకం తెరిచేది.
నా వేళ్ళ తీపికి పేజీలు అంటుకుంటాయి.
మీ పాత పదకొండు పుస్తకాల్లో
యాడ చీమలు కనిపిస్తే ఆడ
నేను రెండోసారి చదివినట్టు లెక్క.

ఈసారి మా ఊరి మీదనే రాసినారని అట్ట మీద చూసి
చేతులు కొంగుకు తుడుచుకొని మరీ తెరిచినా.
చర్చి వీధిలో జిరాక్సు అంగడి పెట్టుకున్న నీరజ.
మొదటి పేజీలోనే మిషను మూత ఎత్తితే
పచ్చటి వెలుతురు ఆమె గడ్డం కింద పడుతుంది చూడండి,
ఆడ నేను పుస్తకం మూసి కాసేపు ఊరకుండిపోయినా.
ఇంగ చాలు, ఈమె మనిషి, అనుకున్నా.

తర్వాత మీరు నీవా నదిలో పడవ వేసినారు.
అమ్మా, మా నీవాలో తుఫాను వస్తే తప్ప
పడవకు కాదు, పాదం తడవను నీళ్ళుండవు.
సరే, పోనీ.
కార్తీకంలో మామిడిపండ్లు కోయించినారు.
పోనీ.
కాట్పాడి రైలు అర్ధరాత్రి ఆమె కోసం ఆగింది.
ప్రేమలో ఉన్నోళ్ళకు రైళ్ళు ఆగుతాయేమో, నాకేం తెలుసు.

నూట ఎనభై ఏడో పేజీని మాత్రం పోనీ అనలేను.
బెంగుళూరు నుంచి వానలో తడిసి వచ్చినాడు ప్రణవ్.
"వచ్చెయ్" అన్నాడు.
నీరజ షట్టరు దించింది.
రెండే లైన్లు. వేలు పెట్టి లెక్కబెట్టినా.
మిషను మీద అప్పు ఇంకా ఏడు కంతులుండాయని
నలభయ్యో పేజీలో మీరే రాసినారు కదా.
కాగితాలు సర్దే పిల్లోడు బాబ్జాన్,
వాడికి ఆ నెల జీతం ఎవరిచ్చినారు?
పొద్దున్నే హాల్‌టికెట్లు పట్టుకొని వచ్చిన పిల్లకాయలు
ఆ షట్టరు ముందర ఎంతసేపు నిలబడినారు?
వాన గురించి మాత్రం పేజీన్నర ఉండాది.

మీ ఆరో పుస్తకం గుర్తుందా మీకు?
అందులో టైపు నేర్పించే ఆమె,
పెండ్లి మాట ఎత్తినాయనతో
"ఆలోచించుకొని చెప్తా" అంటుంది.
నాలుగు అధ్యాయాలు ఆలోచిస్తుంది.
సంగటి కెలకతా, బస్సులో నిలబడి, జ్వరంలో కూడా.
ఆ మాట నేను దాచిపెట్టుకున్నా.
పలమనేరు నుంచి వచ్చే గుమాస్తా త్యాగరాజులు
కాటా పక్కన నిలబడి, నన్ను చూడకుండా
దిమ్మల్ని చూస్తా అడిగినప్పుడు
వేరే మాట నా దగ్గర లేకపోయింది.
"ఆలోచించుకొని చెప్తా" అన్నా.
మూడేండ్లయింది.
ఆయన తొందరపెట్టలేదు.
నేనూ ఎన్నో అధ్యాయంలో ఉండానో తెలియకుండా
గురువారం గురువారం చీటీ రాసిస్తా ఉండా.
మీరేమో రెండు లైన్లలో కానిచ్చేసినారు.

ఈ పుస్తకానికి కూడా చీమలొచ్చినాయి, అబద్ధం చెప్పను.
అది నా చేతి తీపి.
మీ కథది కాదు.

పుస్తకం ఇచ్చేసి మెట్లు దిగినా.
మళ్ళీ ఎక్కి, పదమూడోది ఎప్పుడొస్తుందని అడిగినా.
దొరవేలన్న నవ్వినాడు. నవ్వనీ.
ప్రణవ్‌ను మీరే ఉంచుకోండమ్మా,
పడవనూ ఉంచుకోండి.
ఆ ఏడు కంతులు ఎవరు కట్టినారో
యాడన్నా
ఒక్క లైను రాయండి.