ఇసుక పెట్టె

లిస్బన్‌లో ట్రాము నడుపుతాను. పందొమ్మిదేళ్లు.
గ్రాసా గుట్ట మీంచి నది వైపు దిగే దారి,
కొన్నిచోట్ల గోడకీ బండికీ మధ్య చెయ్యి పట్టదు.
ఇంతవరకూ ఒక్క ఎర్రదీపం దాటలేదు.
నూట పద్దెనిమిది కిలోలు నేను.
ఈ రెండూ ఒకే మనిషి సంగతులంటే
మా కంపెనీ వైద్యుడు నమ్మడు.
"నోరు కట్టుకో జుల్మీరా" అంటాడు,
చెప్పులో రాయి తీసెయ్యమన్నంత తేలిగ్గా.

అందుకే వెళ్లాను, పరిశోధనకు మనుషులు కావాలంటే.
ముందుగా కడుపు నిండా సూపు తాగించారు,
ఆకలి మీదికి నెపం నెట్టకుండా.
ఉంగరం సబ్బు రాస్తే గాని రాలేదు.
సొరంగంలాంటి యంత్రంలోకి జరిపారు,
భుజాలు రెండు వైపులా రాసుకున్నాయి.
ఎవరూ నవ్వలేదు. అది గమనించాను.

తెర మీద బొమ్మలు.
స్టేప్లరు. దోసకాయ ముక్కలు. గొడుగు.
పైన మాడిన మచ్చలతో కస్టర్డ్ టార్టు.
బొమ్మ రాగానే మీట నొక్కాలి,
ఎర్ర గీత వెలిగితే ఆగాలి.
ఆగడమే కదా నా ఉద్యోగం, అనుకున్నాను.

గొడుగు దగ్గర ఆగాను.
స్టేప్లరు దగ్గర ఆగాను.
టార్టు దగ్గర
వేలు దిగిపోయింది.
మళ్లీ వచ్చింది.
మళ్లీ.

తర్వాత తెల్మో అనే కుర్రాడు
నా తల లోపలిని చూపించాడు, కోసిన కాలీఫ్లవరులా ఉంది.
"మీ చూపు టార్టు మీద వాలడానికి
సెకనులో అయిదో వంతు పట్టింది.
చూస్తున్నానని మీకు తెలిసేసరికే
అదక్కడ కూర్చుని ఉంది."

అంటే నా కన్ను
బండి ఆగకముందే దూకేసే ప్రయాణికుడన్నమాట.
నేను గంట కొట్టేలోపు
వాడు బేకరీ మెట్ల మీద.

నుదుటి వెనక ఒక చోటు చూపించాడు.
"ఇదీ బ్రేకు."
"అరిగిపోయిందా?"
లేదన్నాడు. చాలా కష్టపడుతోందన్నాడు.
వెంటనే, ఒక్క తలను చూసి ఏదీ తేల్చకూడదని
తన మాట తనే తుడుచుకున్నాడు.

అతనికి ట్రాముల గురించి తెలియదు.
చెప్పాను:
తొలి చినుకులు పడ్డ రోజు
పట్టాల మీద దుమ్మూ నూనే కలిసి జిడ్డవుతుంది.
బ్రేకు బిగిస్తే చక్రం ఆగుతుంది, బండి ఆగదు.
అప్పుడు తనను తాను తిట్టుకుంటూ
ఇంకా గట్టిగా బిగించేవాడు
గోడకు కొడతాడు.
మా సీటు కింద పెట్టెలో ఇసుక ఉంటుంది.
మీట తొక్కితే పట్టాల మీద రాలుతుంది.
గుప్పెడు చాలు.

తెల్మో రాసుకోవడం ఆపేశాడు.
"మరి నా ఇసుక ఏది?" అన్నాను.
చాలాసేపు కాలీఫ్లవరు వైపే చూశాడు.
"వెతుకుతున్నాం."

వచ్చినందుకు ఇరవై యూరోల కూపను ఇచ్చారు.
సూపర్ మార్కెట్‌ది.
ఇద్దరం దాన్ని చూశాం.
మొదట అతనే నవ్వాడు, చెవులు ఎర్రబడేదాకా.

మర్నాడు తెల్లవారుజామున తొలి బండి నాదే.
మూలన బేకరీ షట్టరు లేచింది, వెచ్చటి దాల్చినచెక్క వాసన.
కన్ను దూకింది.
దాన్ని తిట్టలేదు.
కొన్నానా లేదా అన్నది మీకెందుకు?

రాత్రంతా తుంపర పడింది.
పెట్టె మూత తీసి చూశాను, సగమే ఉంది.
నింపించుకుని బయల్దేరాను.