పొల్లు

సిరొంచల పశువుల దవాఖాన. మా బాపు కంపౌండర్.
రేకుల షెడ్డు, తలుపు మీద మరాఠీ బోర్డు,
లోపల తిట్లన్నీ తెలుగు.

టేకు డిపో సాహెబు బుట్టల తెచ్చిండు
డాబర్‌మన్ కూనలు, ఏడు.
కండ్లు తెరవలే ఇంకా. పుట్టి నాలుగొద్దులు.
"శేపూట్ కాపా" అన్నడు
గోర్లు తియ్యమన్నంత మామూలుగ.

శేపూట్ అంటే తోక.
అని చూడుండ్రి, చివర ఊగదు ఆ మాట,
ట్ కాడ తెగిపోతది.
తోక అన్నప్పుడు మాత్రం
నోరు తెరుసుకునే ఉంటది కొంచెంసేపు.

నాకు పదకొండేండ్లు. కూనల పట్టుకునుడు నా పని.
అరచేతిల అరచేయంత పానం,
వెచ్చటి పొట్ట, పాలవాసన.
బాపు బొటనవేలితోటి లెక్కవెట్టేటోడు
ఒక ఎముక, రెండెముకలు,
అక్కడ దారం,
అటెన్క కత్తెర.
చప్పుడు పెద్దగుండదు,
చిక్కుడుకాయ ముచ్చిక తుంచినంత.
అరుపే, పట్టుకున్నోని చేతి ఎముకలల్ల వినిపిస్తది.

"వీటికి నొప్పి తెల్వదురా, నరాలు ముదరలే"
అన్నడు బాపు, నా మొకం చూడకుంట.
ఎవరికి చెప్తుండో సమజ్ కాలే.

ఎనామిల్ గిన్నెల ఆరు తోకలు,
కాలిన అగ్గిపుల్లల లెక్క.
ఏడోదాని కాడ కత్తెర పక్కకు పెట్టిండు.
"ఇది రేపటిదాక ఉండదు. పోయేదానికి ఎందుకు?"
సాహెబు దాన్ని బల్ల మీదనే ఇడిసి
ఆరు కూనలు, ఒక రశీదు పట్టుకపోయిండు.

మేకపాలు. దూది ఒత్తి.
రేపు పోయింది. ఎల్లుండి పోయింది.
అది పోలే.

పేరు పెట్టలే, ఏడోది అనేటోళ్ళం.
దాని తోక తగిలి చాయ గిలాసలు పడేటివి.
"అప్పుడే కోస్తే పీడ పోవు" అనేది అమ్మ,
పగిలిన పెంకులు ఏరుకుంట.

కుక్కతోక వట్టుకొని గోదారి ఈదినట్టు అంటరు,
కాని పనికి.
నేను ఈదిన.
గోదారి కాదు, ప్రాణహిత. మోకాలి లోతు నీళ్ళే,
ఒక్క గుంట కాడ మనిషి మునుగుతడు.
కాలు జారింది. ముందట ఏడోది ఈదుతున్నది,
తోక నీళ్ళ మీద తెడ్డు లెక్క, అటు ఇటు.
పట్టుకున్న.
కరవలే. ఆగలే.
ఒడ్డెక్కినంక మాత్రం తిరిగి వాసన చూసుకున్నది,
ఉన్నదా అని.

ఆ ఆరింట్ల రెండు డిపో గేటు కాడ ఉండేటివి.
నన్ను చూస్తే నడుం మొత్తం ఊపేటివి
ఎనక కాళ్ళు తడబడేదాక.
ఊరకుక్కలు నమ్మకపోయేటివి వాటిని.
వచ్చేది దోస్తా, దొంగా?
చదువుదామంటే చివర ఏం లేదు.

బడిల మాస్తరు నా పేరు ఓదేల్ అని రాసుకున్నడు.
ఓదెలు అన్న, రెండుసార్లు.
మూడోసారి అనలే.
అమ్మ నేర్పిన తెలుగులైతే నెత్తి మీద పొల్లు పెట్టాలె,
మరాఠీల అది గూడ అక్కర్లే,
నోట్లనే కోస్తరు.
నెత్తురు రాదు.
రేషన్ కార్డుల, బ్యాంకుల, నౌకరి కాగితం మీద
ఇప్పటికీ ఓదేల్.

బాపు కుర్సీల ఇప్పుడు నేనే.
మొన్న బుధవారం ఒక పిలగాడు బండి మీద,
సంచిల రాట్‌వీలర్ కూన.
"అన్నా, శేపూట్ తీసెయ్, లుక్ వస్తది"
ఫోన్‌ల ఫోటో చూపిస్తున్నడు.
సంచిగుడ్డ లోపట టప్ టప్ అంటున్నది.
సొరుగు గుంజిన. బాపు కత్తెర అక్కడనే ఉన్నది,
దూది కింద.
"కత్తెర లేదు" అన్న.
"అహేరిల ఉంటదా?"
"తెల్వదు."

కంప్లెయింట్ పెడ్తనన్నడు. పేరడిగిండు.
ఓదెలు, అన్న.
లు, అని మల్లొకసారి,
పొల్లు పోకుంట.

ఏం రాసుకున్నడో చూడలే.
సంచి మాత్రం, బండి అహేరి రోడ్డు మల్గేదాక,
కదులుతనే ఉన్నది.