పందిరి అడగని చిక్కుడు

మస్తాన్‌బీ కొంగు ముడి విప్పి
పదకొండు గింజలు నా ముందు పోసింది.
"బీన్సు. పొట్టి రకం. తీగ పాకదు, పందిరి అడగదు."
ఆ ఒక్క మాటకే తీసుకున్నాను.
సంగడిగుంటలో మా పోర్షను గోడకి
మేకు కొట్టనివ్వడు పున్నారావు.
పోయినేడు పురికొస కట్టినందుకే
ఆనపపాదుని మొదలంటా కోయించాడు.

కార్తీకం దాకా ఆగమంది.
"గుంటూరు ఎండకి పూత నిలవదే, పిచ్చిదానా."
ఆగాను.
పెయింటు డబ్బాలు మూడు, అడుగున మేకుతో బెజ్జాలు.
ఈ మేక్కి మాత్రం ఎవరూ అడ్డం రాలేదు.

గింజ పెట్టే వేళకి చేతులు వెనక్కి తీసుకున్నాను.
కోల్డ్ స్టోరేజీలో పొద్దుటినించీ
తేజ కాయకి తొడిమలు తీసిన చేతులు.
మజ్జిగలో ముంచినా, కొబ్బరినూనె రాసినా
అర్ధరాత్రి దాకా పది వేళ్ళూ
పది వత్తుల్లా వెలుగుతూనే ఉంటాయి.
ఈ చేత్తో కళ్ళు తుడుచుకోను, నిద్రలో కూడా.
గింజేం పాపం చేసింది?
ఎదురింటి జోయెల్ని పిలిచాను, ఆరో క్లాసు.
వేలి కణుపు లోతున ఒక్కోటే దించుతూ
"ఆంటీ, బోర్లా పెట్టాలా, వెల్లకిలానా?"
దానికి తెలుసులేరా, పైకెటో.

ఆరో రోజు
మట్టిపెళ్ళ నెత్తినెత్తుకుని
టిక్కీ మోసే హమాలీల్లా
మెడ వంచుకునే లేచాయి, తొమ్మిది.
రాని రెండింటి కోసం
వారం రోజులు డబ్బాలోకి తొంగిచూశాను.

బియ్యం కడుగు పోశాను.
పేనుబంక పడితే ఇస్త్రీ బండి బూడిద చల్లాను.
యార్డు తొడిమలు గుప్పెడు మొదట్లో పరిచాను.
చీమ రాలేదు. జోయెల్ తుమ్మాడు.
పూత తెల్లగా, అంతా కలిపితే చిటికెడు,
ఇంటివాడి కంటబడకుండా
ఆకుచాటునే పూసింది.

తొలికాయ కొయ్యడానికి మళ్ళీ వాణ్ణే పిలుద్దామంటే
బడికెళ్ళాడు.
ముదిరితే పీచు పడుతుంది.
కాసేపు నిలబడి చూశాను.
ఎన్ని లక్షల తొడిమలు తీశాయో ఈ గోళ్ళు,
అలవాటుగా వెళ్ళి పట్టుకున్నాయి.
టిక్కుమంది.

చల్లగా ఉంది కాయ.
కోసిన కాయల్ని కూరకి తరగలేదు వెంటనే.
రెండు గుప్పిళ్ళ నిండా పట్టుకుని
అరుగు మీద కూర్చున్నాను,
పక్కింటి కుక్కరు మూడు కూతలు కూసేదాకా.

పావుకిలో తూగలేదు.
అందులోనే కొన్ని పున్నారావు భార్య
"వాసన చూద్దాం" అంటూ పట్టికెళ్ళింది.
చివరి మొక్క మీద నాలుగు కాయలు ముట్టుకోలేదు,
ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.
ఎండి, ఊపితే గలగలమనాలి అవి.
మస్తాన్‌బీకి పదకొండు బాకీ.