దీపం ఊగలేదు

వాల్పరైసో కొండ మీదికి లిఫ్టు బండి నడిపే ఎదెల్మీరా
మూడోసారి ఎమర్జెన్సీ నుంచి నా గదికొచ్చింది.
చేతిలో ఈసీజీ కాగితం, నాలుగు మడతలు.
"గుండె బాగానే ఉందట" అంది,
ఎవరో తనను అబద్ధాలకోరు అన్నట్టు.

థైరాయిడ్ చూశాం. రక్తం చూశాం.
రోజుకెన్ని కాఫీలని అడిగాను.
ఇక మిగిలింది ఏడు ప్రశ్నల కాగితం.
"సగం రోజుల కంటే ఎక్కువ" దగ్గర పెన్ను ఆగింది.
"రాత్రులు కూడా లెక్కేనా?"

మొత్తం పదిహేడు.
అంకె తలుపు తడుతుందంతే,
లోపలికి వెళ్ళాల్సింది నేను.
ఎలా మొదలవుతుంది?

"భూకంపంలాగే, డాక్టర్. ముందు కాళ్ళ కింద.
మాకు చిన్నప్పటి అలవాటు,
వెంటనే పైన దీపం వైపు చూస్తాం.
దీపం ఊగదు.
సీసాలో నీళ్ళు కదలవు.
బండిలో జనం రొట్టె ధర గురించి పోట్లాడుకుంటుంటారు.
నేనొక్కదాన్నే బ్రేకు పట్టుకుని..."

ఎన్నాళ్ళుగా?
వేళ్ళు మడిచింది. ఈస్టర్ దాటి, చలికాలం దాటి
రెండో చేతికి వచ్చింది.

పేరు రాశాను, చదివి వినిపించాను.
రెండుసార్లు పలికింది మెల్లగా,
కొత్త చెప్పులు తొడిగి నాలుగడుగులు వేసి చూసినట్టు.

లేస్తూ, అలవాటుగా,
నా గది దీపం వైపు చూసింది.
నేనూ చూశాను.