చెరిపే మీట

నా గొంతు ఒక ఆడమనిషిది.
ఆమె ఎవరో నాకు తెలీదు. ఏ ఊర్లోనో గాజు గదిలో కూర్చొని
చదివి పోయింటుంది.
నేను కొనేనాటికి తెలుగుకు అదొక్కటే గొంతు.
గ్రీమ్స్‌పేటలో మా జిరాక్సు అంగట్లో
"రెండు వైపులా తీయాలా అండీ?" అని వినపడితే
వచ్చినోళ్లు పాప కోసం లోపలికి తొంగి చూస్తారు.
మీసాలతో నేనుంటాను.

మొదట్లో దాంట్లో ఆరు బొమ్మలుండేవి:
నీళ్లు. అన్నం. నొప్పి. బాత్రూం. అవును. వద్దు.
ఆరు మాటల్తో మనిషి బతకొచ్చు,
ఎకసెక్కం చేయలేడు.
"యాడికి పోతాండావు?" అని కొడితే
ఆ యమ్మకు నోరు తిరిగేది కాదు.
పొల్లు తీసి, దీర్ఘాలు సాగదీసి
పదకొండు రాత్రులు నేర్పించినా
ఆమెకు చిత్తూరు.

ఛార్జింగుకు పెట్టినాక
నా సొంత గొంతు ఒకటి మిగులుతుంది,
గచ్చు మీద దొర్లిన బిందె మాదిరి.
దానికి అమ్మా, వీధికుక్కా తప్ప
ఎవరూ బదులియ్యరు.

టీ అంగడి చెంగల్రాయుడు ఒక్కడే
నేను కొడతా ఉంటే తెర మీదికి వంగడు.
పాలపొంగు చూసుకుంటా నిలబడతాడు.
మాట్లాడే మనిషి నోట్లోకి
ఎవరన్నా తొంగి చూస్తారా మరి!
తక్కినోళ్లు సగం మాటకే అందుకొని
పూర్తి చేసేస్తారు, తప్పుగా.
టమాటా ధరకు నేను జవాబు చెప్పేసరికి
వాళ్లు ఎవరి పెండ్లిలోనో ఉంటారు.
నా మాట ఒక్కటే వచ్చి నిలబడుతుంది,
బస్సు పోయినాక మొగిలి ఘాట్లో దిగబడినోడి మాదిరి.

నోరు జారితే వెనక్కి తీసుకోలేమంటారు.
నాకు జారేది వేలు. చెరిపే మీట ఉంది.
ఎన్ని తుడిచినా గాజు మీద ఆ మూల
నా వేలిముద్ర పోదు.

మొన్న ఆదివారం సంగటి ముందర కూర్చొని
మేనమామ గోవిందప్ప అన్నాడు:
"పాపం, వీడు నోట్లో నాలుక లేనోడు."
ఇల్లంతా ఊఁ కొట్టింది.
నేను కొట్టడం మొదలుపెట్టినా.
నిమిషం. ఇంకో అర.
అమ్మ కండ్లతోనే వద్దనింది.
వేలు ఆ మూలకు పోయి, ఆగింది.

"మామా, నువ్వు కుదువ పెట్టిన అమ్మ కమ్మలు
ఎప్పుడు విడిపిస్తావు?"
వార్తలు చదివినంత నిదానంగా
అడిగింది ఆ యమ్మ.

ముద్ద మింగిన చప్పుడు కూడా లేదు.
పడసాల్లోంచి మా చెవుటి అవ్వ:
"ఆ పాప ఏమో అనిందే,
ఇంకోసారి చెప్పమనండి."

మళ్లీ నొక్కినా.
అదే గొంతు. అదే మర్యాద.